నీళ్లు దాటించాలా.. ముందే ఆగాలా?

రైతు ఇంట పుట్టి, దుబాయ్‌లోనూ కప్పు గెలిచిన గోల్ఫ్ వీరుడు సెవె బాలెస్టెరోస్ జీవితం

జెబెల్ అలీ నుంచి అల్ ఖోజ్ వైపు షేక్ జాయెద్ రోడ్డు మీద కంపెనీ బస్సులో వెళ్లేవాళ్లకు ఆ పచ్చదనం తెలిసే ఉంటుంది. ఇసుక రంగు నేల మధ్య ఉన్నట్టుండి పరిచిన పచ్చని తివాచీ. అరబ్బుల గుడారాల్లా కట్టిన తెల్లటి కట్టడాలు. వాటి వెనక మబ్బుల్ని తాకే మేడలు. అదే ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్. 1988లో తెరిచారు. మధ్యప్రాచ్యంలో మొత్తం గడ్డితో తయారైన మొట్టమొదటి గోల్ఫ్ మైదానం ఇదే. అంతకుముందు గల్ఫ్‌లో గోల్ఫ్ అంటే ఇసుక మీద ఆటే. నూనె కలిపి గట్టిపరిచిన ఇసుకలోనే గుంతలు ఉండేవి.

అక్కడి మజ్లిస్ కోర్సులో ఆఖరిది, 18వ హోల్. పొడవు 550 గజాలకు కాస్త అటూ ఇటూ. దారి ఎడమకు మలుపు తిరుగుతుంది. గుంత ఉన్న పచ్చిక ముందు చెరువు అడ్డంగా ఉంటుంది. ఏటా జరిగే దుబాయ్ డెజర్ట్ క్లాసిక్ టోర్నీలో ఎందరి రాతలో మారిపోయింది ఆ చెరువు దగ్గరే. దూకుడుగా నీళ్ల మీదుగా కొట్టాలా? లేక చెరువుకి ముందే బంతిని ఆపుకొని, తర్వాత మెల్లగా దాటించాలా?

ఈ ప్రశ్నతోనే జీవితమంతా గడిపిన మనిషి ఒకడున్నాడు. స్పెయిన్ దేశపు సెవె బాలెస్టెరోస్. 1992లో ఈ దుబాయ్ మైదానంలోనే కప్పు ఎత్తాడు. ఇప్పుడు లేడు. 2011లో కన్నుమూశాడు. అయినా పొడవాటి హోల్ దగ్గర ధైర్యం మాట వస్తే నేటికీ అందరూ తలిచేది ఆయన పేరే.

ముందు చిన్న లెక్క

గోల్ఫ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక్కో గుంతలో బంతి వేయడానికి మంచి ఆటగాడికి ఎన్ని దెబ్బలు పడతాయో ముందే లెక్క కట్టి ఉంటుంది. దాన్నే పార్ అంటారు. పొడవాటి హోల్‌కి పార్ 5. అంటే మూడు దెబ్బల్లో గ్రీన్ మీదికి, అదే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీదికి చేరాలి. మరో రెండు మెత్తటి దెబ్బలతో గుంతలో వేయాలి. ఒకటి తక్కువలో ముగిస్తే బర్డీ, రెండు తక్కువైతే ఈగల్. ఒకటి ఎక్కువైతే బోగీ.

గట్టిగా కొట్టగలిగినవాడు మూడు దెబ్బల దూరాన్ని రెండింటిలోనే దాటేస్తాడు. పొడవాటి హోల్‌లో ఆశ అక్కడే పుడుతుంది. దాటితే ఈగల్ అవకాశం. తప్పి నీళ్లలో పడితే ఒక దెబ్బ జరిమానా, మళ్లీ కొట్టాలి. జాగ్రత్తపడేవాడు రెండో దెబ్బను నీళ్లకు ఇవతలే ఆపుతాడు. మూడో దెబ్బ చిన్నది, అదుపులో ఉంటుంది. అది గుంత దగ్గర పడితే వాడికీ బర్డీ దక్కుతుంది. కాబట్టి జాగ్రత్త అంటే ఓటమి కాదు, దూకుడు అంటే గెలుపూ కాదు. అన్ని వేళలా ఒకటే జవాబు పనికిరాదు, అదే దీనిలో చిక్కు.

ఆవుల కొట్టం నుంచి..

సెవె పుట్టింది 1957 ఏప్రిల్ 9న. ఉత్తర స్పెయిన్‌లో శాంటాండెర్ నగరానికి ఎదురుగా, సముద్రపు పాయకు అవతలి ఒడ్డున ఉన్న పెడ్రేన్యా అనే చిన్న ఊరు. తండ్రి బాల్డొమెరో రైతు. ఇంట్లో ఆవులు, పొలం పనులు. మన పల్లెల్లో కలిగినంతలో బతికే ఇంటికీ ఆ ఇంటికీ పెద్ద తేడా ఏం లేదు.

కాకపోతే ఆ ఊళ్లో ఒక గోల్ఫ్ క్లబ్ ఉంది. డబ్బున్నవాళ్లు వచ్చి ఆడేవాళ్లు. ఊరి పిల్లలు వాళ్ల సంచులు మోసి నాలుగు డబ్బులు సంపాదించుకునేవాళ్లు. ఆ పని చేసేవాళ్లను కేడీ అంటారు. సెవె అన్నలు ముగ్గురూ ఆ దారినే వెళ్లి గోల్ఫ్‌నే వృత్తి చేసుకున్నారు. మేనమామ రామొన్ సోటా అయితే 1965లో అమెరికాలోని మాస్టర్స్ టోర్నీలో ఆరో స్థానం దాకా వెళ్లిన ఆటగాడు.

అన్న మాన్యుయెల్ ఇచ్చిన ఒక పాత 3 నంబరు ఇనుప క్లబ్ సెవెకి మొదటి ఆస్తి. గోల్ఫ్ ఆడే కర్రను క్లబ్ అంటారు. దూరాన్ని బట్టి ఆటగాళ్ల సంచిలో పధ్నాలుగు దాకా ఉంటాయి. ఈ కుర్రాడికి మాత్రం ఒక్కటే. బంతులు లేకపోతే సముద్రపు ఒడ్డున గులకరాళ్లు ఏరుకొని కొట్టేవాడు. తడి ఇసుక మీంచి, పొడి ఇసుక మీంచి, రాళ్ల మధ్య నుంచి.. అదే క్లబ్‌తో పొడవుగా, పొట్టిగా, ఎత్తుగా, నేలబారుగా. కేడీ పిల్లలను మైదానంలో ఆడనిచ్చేవాళ్లు కాదు. దాంతో పొద్దుగూకాక, వెన్నెల్లో దొంగచాటుగా వెళ్లి ఆడేవాడు. బంతి ఎటు పోయిందో కనిపించదు, తగిలిన చప్పుడును బట్టే తెలుసుకోవాలి.

పన్నెండేళ్లకే కేడీల పోటీలో గెలిచాడు. 1974లో, ఇంకా పదిహేడు నిండకముందే, గోల్ఫ్‌ను వృత్తిగా తీసుకున్నాడు.

తర్వాతి కాలంలో లోకమంతా ఇతని దూకుడు చూసి ముక్కున వేలేసుకుంది. కానీ ఆ దూకుడు వెనక ఉన్నది ఈ ఇసుక. బంతి ఎంత చెడ్డ చోట పడినా అక్కణ్నుంచి బయటపడే ఉపాయం చేతిలో ఉన్నవాడికి తప్పు చేస్తానన్న భయం తక్కువ. పడితే లేవగలనన్న నమ్మకం ఉన్నవాడే దూకగలడు. చేతిలో ఆ విద్య లేకుండా సెవెలా కొట్టబోయినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

కార్ల మధ్య పడిన బంతి

1976లో ఇంగ్లండ్‌లోని రాయల్ బిర్క్‌డేల్‌లో ఓపెన్ ఛాంపియన్‌షిప్ జరిగింది. 19 ఏళ్ల సెవె మూడు రోజులు ముందంజలో ఉండి అందరినీ నివ్వెరపరిచాడు. ఆఖరి రోజు జానీ మిల్లర్ దాటేసి గెలిచాడు. మహామహుడు జాక్ నిక్లాస్‌తో సమానంగా సెవె రెండో స్థానంలో నిలిచాడు. చివరి హోల్‌లో రెండు ఇసుక గుంతల మధ్య సన్నని సందులోంచి బంతిని దొర్లించి గుంత దగ్గరికి చేర్చిన తీరు చూసి, వీడు మామూలోడు కాదని అందరికీ అర్థమైంది.

మూడేళ్లకు, 1979లో, రాయల్ లిథమ్‌లో అదే ఓపెన్ గెలిచాడు. ఆఖరి రోజు 16వ హోల్‌లో అతని మొదటి దెబ్బ దారి తప్పి, కార్లు నిలిపిన చోట పడింది. అక్కణ్నుంచి గ్రీన్ మీదికి కొట్టి బర్డీ చేశాడు. అదృష్టవంతుడని కొందరు ఎగతాళి చేశారు. గాలి వీచే తీరు చూస్తే ఆ పక్క నుంచే గుంతకు దారి తేలికని, అందుకే ఆ వైపు కొట్టానని సెవె తర్వాత చెప్పుకొచ్చాడు. అందరికీ పిచ్చి దెబ్బలా కనిపించినదాని వెనక అతనికో లెక్క ఉందన్నమాట. 1907లో ఫ్రాన్స్‌కు చెందిన ఆర్నాడ్ మాసీ తర్వాత ఐరోపా ప్రధాన భూభాగం నుంచి ఓపెన్ గెలిచింది ఇతనే.

పది దెబ్బల ఆధిక్యం.. మూడుకు

1980 ఏప్రిల్. అమెరికాలోని ఆగస్టాలో మాస్టర్స్ టోర్నీ ఆఖరి రోజు. ఇంకా తొమ్మిది హోల్స్ మిగిలి ఉండగా సెవెకి పది దెబ్బల ఆధిక్యం. క్రికెట్‌లో చెప్పాలంటే చేతిలో పది వికెట్లు, కావాల్సింది యాభై పరుగులు! ఇక మిగిలింది ఇంటికి నడుచుకుంటూ వెళ్లడమే.

కానీ 12వ హోల్‌లో బంతి నీళ్లలో పడింది. తర్వాతిది 13వ హోల్. పొడవాటి పార్-5. గ్రీన్ ముందు చిన్న వాగు. అంత ఆధిక్యం ఉన్నవాడు వాగుకు ఇవతల ఆగితే అడిగేవాడు లేడు. సెవె ఆగలేదు. 3 నంబరు ఇనుప క్లబ్‌తో నేరుగా గ్రీన్‌కి కొట్టాడు. బంతి వాగులో పడింది. పది కాస్తా మూడు అయ్యింది!

ఆ తర్వాతే అసలు మనిషి బయటపడ్డాడు. 14వ హోల్ నిదానంగా ముగించాడు. 15వది మళ్లీ పొడవాటి పార్-5, మళ్లీ గ్రీన్ ముందు నీళ్లు. రెండు హోల్స్ ముందు ఇలాంటి చోటే దెబ్బతిన్నవాడు ఎవడైనా వెనక్కి తగ్గుతాడు. సెవె మళ్లీ నీళ్ల మీదుగానే కొట్టాడు. ఈసారి రెండో దెబ్బకే గ్రీన్ మీదికి చేరి బర్డీ చేశాడు. నాలుగు దెబ్బల తేడాతో గెలిచాడు. అప్పటికి 23 ఏళ్లు. మాస్టర్స్ గెలిచిన మొదటి ఐరోపా ఆటగాడు, అప్పటికి అందరికంటే చిన్నవాడు.

ఒకే రోజు, ఒకే ఆటగాడు, ఒకేలాంటి రెండు హోల్స్. ఒకచోట దూకుడు ముంచింది. ఇంకోచోట అదే దూకుడు ఒడ్డుకి చేర్చింది. గెలిచాక చూస్తే రెండూ ధైర్యంలాగే కనిపిస్తాయి. కానీ 13వ హోల్‌లో అతనికి ఆ దెబ్బ అవసరమే లేదు. 15వ హోల్‌లో మాత్రం జారిపోతున్న ఆటను పట్టుకోవాల్సిన అవసరం వచ్చింది. ఆ తేడానే అసలు సంగతి.

పోయేదేం లేనప్పుడు..

1983లో మాస్టర్స్ రెండోసారి గెలిచాడు. అదే ఏడాది ఫ్లోరిడాలో అమెరికా, ఐరోపా జట్ల మధ్య రైడర్ కప్. ఫజీ జోలర్ మీద సెవె మూడు హోల్స్ ముందుండి, ఆ ఆధిక్యమంతా పోగొట్టుకొని, ఆఖరి హోల్‌కి సమానంగా వచ్చాడు. అదీ పార్-5. మొదటి దెబ్బ ఏపుగా పెరిగిన గడ్డిలోకి పోయింది. రెండోది కొద్ది దూరమే వెళ్లి ఇసుక గుంతలో పడింది. గ్రీన్ ఇంకా 240 గజాలు ఉంటుంది.

ఇసుక గుంతలోంచి చిన్న క్లబ్‌తో బంతిని బయట పడేసుకోవడం మామూలు పద్ధతి. సెవె 3 నంబరు చెక్క క్లబ్ తీశాడు. గుంత అంచుకి తగలకుండా బంతిని లేపి గ్రీన్ అంచుదాకా కొట్టాడు! పార్ చేసి ఆ ఆటను సమంగా ముగించాడు. గోల్ఫ్ చరిత్రలో గొప్ప దెబ్బల్లో ఒకటిగా దాన్ని నేటికీ చెప్పుకుంటారు. ఆ కప్పు అమెరికా ఒక్క పాయింటు తేడాతో నిలబెట్టుకుంది. అయినా అమెరికాను ఓడించవచ్చన్న నమ్మకం ఐరోపా జట్టులో పుట్టింది అక్కడే. 1985లో, 1987లో గెలిచి చూపించారు.

జాగ్రత్తగా ఆడితే ఓటమి దాదాపు ఖాయమైన చోట కొట్టిన దెబ్బ అది. అలాంటి చోట దూకుడు అంటే పిచ్చి కాదు, లెక్కే.

సగం మనసుతో కొట్టిన దెబ్బ

1986 అతని జీవితంలో చేదు సంవత్సరం. మార్చిలో తండ్రి బాల్డొమెరో చనిపోయాడు. అమెరికా టూర్‌లో ఆడాల్సినన్ని టోర్నీలు ఆడలేదని ఆ ఏడాది అక్కడ ఆడకుండా నిషేధం పెట్టారు. ఆట అలవాటు తప్పింది. మనసులో దుఃఖం. ఆ స్థితిలోనే ఏప్రిల్‌లో మాస్టర్స్‌కి వచ్చాడు.

దూర దేశంలో ఉండగా తండ్రి పోయిన కబురు విన్నవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. మర్నాడు డ్యూటీకి వెళ్తే చేతులు ఎలా ఉంటాయో వాళ్లకు చెప్పనక్కర్లేదు.

అయినా ఆఖరి రోజు 8వ హోల్‌లో ఈగల్, 13వ హోల్‌లో ఇంకో ఈగల్ చేసి ముందంజలోకి వచ్చాడు. తర్వాత అదే 15వ హోల్, ఆరేళ్ల కిందట తనను ఒడ్డుకి చేర్చిన చోటు. గ్రీన్ ఇంకా 200 గజాలుంటుంది. ముందు నీళ్లు. అవతలి హోల్ నుంచి జనం కేకలు. 46 ఏళ్ల జాక్ నిక్లాస్ ఎగబాకుతున్నాడు. కొద్దిసేపటి కిందటే ఆ 15వ హోల్‌లోనే, దాదాపు అంతే దూరం నుంచి, 4 నంబరు ఇనుప క్లబ్‌తోనే నిక్లాస్ నీళ్లు దాటించి ఈగల్ చేసి వెళ్లాడు.

సెవె కూడా 4 నంబరే తీశాడు. 4తో కొడితే ఎక్కువ, 5తో కొడితే తక్కువ అన్నట్టున్న దూరం. పెద్ద క్లబ్ తీసుకొని మెల్లగా ఊపాడు. బంతి ఎగరలేదు. గ్రీన్ దరిదాపులకు కూడా పోకుండా చెరువులో పడింది. 17వ హోల్‌లో ఇంకో తప్పు. చివరికి నాలుగో స్థానం. నిక్లాస్ గెలిచాడు.

అదే హోల్, అదే రోజు, అదే నంబరు క్లబ్. ఒకడికి కిరీటం, ఇంకొకడికి చెరువు. అందుకే ఆ దెబ్బను దూకుడు తెచ్చిన చేటు అనలేం. దూకుడుగా కొట్టాలనుకుంటే 5 నంబరుతో ఉన్న బలమంతా పెట్టాలి. జాగ్రత్త కావాలనుకుంటే నీళ్లకు ముందు ఆగాలి. అతను కొట్టింది రెండూ కాదు. ధైర్యానికి, భయానికి నడుమ సగం మనసుతో కొట్టిన దెబ్బ. పొడవాటి హోల్‌లో అన్నిటికంటే ఖరీదైనది అదే. మాస్టర్స్ అతనికి మళ్లీ ఎప్పుడూ దక్కలేదు.

యుద్ధం తర్వాత దుబాయ్‌లో

1984లో సెయింట్ ఆండ్రూస్‌లో, 1988లో మళ్లీ రాయల్ లిథమ్‌లో ఓపెన్ గెలిచాడు. లిథమ్‌లో వాన వల్ల ఆఖరి ఆట సోమవారానికి జరిగింది. నిక్ ప్రైస్‌తో హోరాహోరీ. 7వ హోల్, పొడవాటి పార్-5, ఇద్దరూ దూకుడుగానే ఆడారు, ఇద్దరూ ఈగల్ చేశారు. చివరికి 65 దెబ్బలతో ముగించి సెవె రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. నాలుగు పెద్ద టోర్నీలను మేజర్లు అంటారు. అతను గెలిచిన ఐదు మేజర్లలో ఇదే ఆఖరిది.

ఇక మన గల్ఫ్ సంగతి. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేర్చారు. కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1991లో దుబాయ్ డెజర్ట్ క్లాసిక్ జరగనే లేదు. మళ్లీ మొదలైంది 1992లో. ఆ ఏడాది సెవె దుబాయ్ వచ్చాడు. ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన రోనన్ రాఫర్టీతో సమానంగా నిలిచి, ప్లేఆఫ్‌లో గెలిచాడు.

చెరువు అక్కడే ఉంది

1995లో స్పానిష్ ఓపెన్ అతని ఆఖరి గెలుపు. ఐరోపా టూర్‌లో మొత్తం 50 విజయాలు. తర్వాత వెన్నునొప్పి ఆటను తినేసింది. 1997లో స్పెయిన్‌లోని వాల్డెరామాలో కెప్టెన్‌గా ఐరోపాకు రైడర్ కప్ గెలిపించాడు. 2007లో ఆట చాలించాడు. 2008 అక్టోబరులో మాడ్రిడ్ విమానాశ్రయంలో స్పృహ తప్పి పడిపోయాడు. మెదడులో కణితి అని తేలింది. వరుసగా ఆపరేషన్లు జరిగాయి. ఆ జబ్బుతో ఉంటూనే, కేన్సర్ పరిశోధనకు సాయపడే ఫౌండేషన్‌ను 2009లో మొదలుపెట్టాడు. 2011 మే 7న పెడ్రేన్యాలోని తన ఇంట్లోనే పోయాడు. 54 ఏళ్లు. ఏ మైదానంలోకైతే పగలు రానివ్వలేదో, ఆ ఊరి దగ్గరి శాంటాండెర్ విమానాశ్రయానికి 2015లో అతని పేరే పెట్టారు.

2012లో అమెరికాలోని మెడైనాలో రైడర్ కప్. సెవెకి తమ్ముడిలాంటి ఒలాథాబల్ ఐరోపా కెప్టెన్. ఆఖరి రోజుకి 10-6తో వెనకబడ్డారు. ఆ రోజు సెవె ఎప్పుడూ తొడిగే రంగుల బట్టలు వేసుకొని దిగి, ఐరోపా వాళ్లు కప్పు గెలిచారు.

దుబాయ్ 18వ హోల్ మాత్రం ఇంకా అదే ప్రశ్న అడుగుతోంది. 2022లో రోరీ మెకిల్‌రాయ్ అక్కడ బర్డీ చేస్తే గెలుపు, పార్ చేస్తే ప్లేఆఫ్. చెక్క క్లబ్ తీసి నీళ్ల మీదుగా కొట్టాడు. చెరువులో పడింది. బోగీ. మూడో స్థానం. 2023లో మళ్లీ అదే హోల్, మళ్లీ గెలవాలంటే బర్డీ కావాలి. ఈసారి చెరువుకి ముందే ఆగాడు. మూడో దెబ్బ గ్రీన్ మీద పడింది. ఆ తర్వాతి బంతి గుంతలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో కప్పు అతనిదే.

సెవె ఉంటే ఏం చేసేవాడని అడిగితే నీళ్ల మీదుగానే కొట్టేవాడని అభిమానులు అంటారు. కానీ అతని జీవితం చెప్పేది అంత తేలికైన మాట కాదు. పడితే లేచే విద్య ముందు నేర్చుకోవాలి. పోయేదెంత, వచ్చేదెంత లెక్క చూసుకోవాలి. దాటాలని తేల్చుకుంటే మొత్తం బలంతో కొట్టాలి, ఆగాలని తేల్చుకుంటే సిగ్గుపడకుండా ఆగాలి. చేస్తున్న ఉద్యోగం వదిలి సొంతంగా షాపు పెడదామా, చిట్టీ పాడిన డబ్బంతా ఊళ్లో ప్లాటు మీద పెడదామా, ఇంకో రెండేళ్లు వీసా కొట్టించుకుందామా, ఇంటికి పోదామా అని రాత్రుళ్లు మంచం మీద లెక్కలేసుకునే మనకు ఇది కేవలం గోల్ఫ్ సంగతి కాదు.

ఈసారి బస్సు ఆ పచ్చదనం పక్కగా పోతున్నప్పుడు ఒకసారి అటు చూడండి. గులకరాళ్లతో ఆట నేర్చుకున్న రైతు కొడుకు ఒకడు అక్కడ గెలిచి వెళ్లాడు.